షెవెల్‌కి విలువ కట్టిన రోజు

"డెబ్బై వేల డాలర్లన్నారు ఫోన్లో."

"ఫోన్లో నేనేమీ అనలేదండీ. అన్నది మీరు. బండి కళ్ళారా చూడకుండా నేను ధర చెప్పను."

"చూశారుగా ఇప్పుడు."

"చూశాను. బానెట్ ఎత్తితే లోపల నేల కనిపిస్తోంది. ఇంజనేదీ?"

"లేదు."

"లేదని తెలుస్తూనే ఉంది. ఏమైంది?"

"పాడైంది, తీసేశాను. అదొక్కటీ లేనంత మాత్రాన బండి బండి కాకుండా పోతుందా? రంగు చూడండి, ఫ్యాక్టరీలో వేసిందే. సీట్లు చూడండి, ఎక్కడా చిరుగు లేదు. మా నాన్న దీన్ని పెళ్ళికూతురిలా చూసుకున్నాడు."

విల్మా హెగ్లర్ టార్చిలైటు ఆర్పి, నోటు పుస్తకంలో రెండు ముక్కలు రాసుకుంది. పాత బళ్ళకి విలువ కట్టడం ఆమెకు ఇరవై రెండేళ్ళ వృత్తి. అమెరికాలోని ఒహాయో రాష్ట్రం దక్షిణాన ఏ పల్లెలో ఎవరు పోయినా, ఎవరు విడాకులు తీసుకున్నా, షెడ్డులో పాత బండి ఉందంటే కబురు ఆమెకే వచ్చేది. ఈ అక్టోబరు ఉదయం పిలిచినవాడు లైల్ టాకెట్. సోయా చేల మధ్య ఒంటరి ఇల్లు, వెనక షెడ్డు, అందులో 1970 నాటి షెవెల్ కారు. లైల్ యాభై దాటిన మనిషి. నున్నగా గీసిన గడ్డం, మెత్తటి మాట. షెడ్డు గుమ్మంలో అతని తల్లి ఎల్వా ఒళ్ళో దుప్పటి కప్పుకుని కుర్చీలో కూర్చుంది. ఆ కుర్చీ వెనక నిలబడ్డ ముప్పై ఏళ్ళ ఆమెను 'నా భార్య కొరీన్' అని లైల్ పరిచయం చేశాడు. ఆమె తల ఊపింది, అంతే.

"బండితోపాటు పుట్టిన ఇంజన్ మీద బండి నంబరే కొట్టి ఉంటుంది లైల్ గారూ. ఆ నంబరూ ఈ నంబరూ కలిస్తేనే మీరన్న డెబ్బై. మరో ఇంజన్ ఎంత మంచిది తెచ్చి పెట్టినా అది సవతి బిడ్డే. సొంత ఇంజన్ లేని షెవెల్‌కి ముప్పై ఐదు. అదీ ఈ రంగు మొహం చూసి."

"సగమా?"

"సగమే."

"కొలంబస్‌లో ఒకాయన కొనడానికి సిద్ధంగా ఉన్నాడు. మీరు కాగితం మీద మంచి అంకె వేస్తే చాలు. మిగతాది నేను మాట్లాడుకుంటాను."

"లేనిదాన్ని ఉన్నట్టు రాయను. ఆ ఇంజన్ ఎక్కడుందో చెప్పండి. పగిలినా ఫరవాలేదు, దిమ్మ మీద నంబరు కనబడితే చాలు."

"అమ్మేశాను."

"ఎవరికి?"

"ఎవరికో. పాతసామాన్లవాడికి. ఇండియానా నుంచి వచ్చాడు. పేరు గుర్తులేదు."

"రసీదు ఉందా?"

"చెరువులో ఉంది," అంది ఎల్వా.

"రసీదా అమ్మా?" అని అడిగింది విల్మా.

"రసీదు కాదు. ఇంజను."

లైల్ చిన్నగా నవ్వాడు. "మా అమ్మ మాట పట్టించుకోకండి మేడమ్. మతి నిలకడగా ఉండదు. నిన్న నన్ను పట్టుకుని మా నాన్న పేరుతో పిలిచింది. కదా కొరీన్?"

ఆమె ఎల్వా ఒళ్ళో దుప్పటి సర్దింది.

"కదా?"

"అవును."

"ట్రాక్టరుకి గొలుసు కట్టి ఈడ్చుకెళ్ళాడు," అంది ఎల్వా. "జూన్లో. నా గది కిటికీలోంచి చూశాను. గట్టు మీద ఒకసారి ఇరుక్కుంది కూడా."

"అమ్మా, చలిగాలి తగులుతోంది. కొరీన్, లోపలికి తీసుకెళ్ళు."

"నాకేం చలి లేదు."

విల్మా మళ్ళీ బండి ముందు వంగి చూసింది. ఇంజన్ దించేవాళ్ళు వైర్లు ఊడదీస్తారు, గొట్టాలు వదులు చేసి పక్కకి కడతారు. ఇక్కడ అన్నీ అడ్డంగా తెగి ఉన్నాయి, గొడ్డలితో నరికినట్టు. ఇంజన్ పట్టీలు కూడా విప్పలేదు, విరగ్గొట్టారు.

"ఏం పాడైందన్నారు?"

"బేరింగులు పోయాయి."

"బేరింగులు పోతే వైర్లు నరికారెందుకు?"

"తొందరలో ఉన్నాను."

"బాగానే నడిచింది," అంది కొరీన్.

"ఏమన్నావు?"

"ఏం లేదు."

"కాదు, చెప్పు. మేడమ్ వింటున్నారు. ఏమన్నావు?"

"జూన్ పదో తారీఖున బాగానే నడిచిందన్నాను. వంతెన దాకా."

"ఎవరు నడిపారమ్మా?" అని అడిగింది విల్మా.

"నేనే. పెద్దావిడా నేనూ వెళ్ళాం."

"వెళ్ళారు, ఇంజన్ కాల్చిపెట్టారు," అన్నాడు లైల్. అతని గొంతు ఇంకా మెత్తగానే ఉంది. "దీనికి నడపడం రాదండీ. వంతెన దగ్గరికి నేనే వెళ్ళి, ఇద్దర్నీ వెనక్కి తెచ్చుకున్నాను. ఆ బాధలో కాస్త కోపం వచ్చిన మాట నిజమే. ఎవరికైనా వస్తుంది కదా?"

"వస్తుంది. వస్తే మీరేం చేశారు?"

"చెప్పాను కదా, ఇంజన్ తీసేశాను."

"తీసి?"

"తీసి... సరే. చెరువులోనే ఉంది. అయితే ఏమిటి?"

"ముప్పై ఐదు వేల డాలర్లు నీళ్ళలో పడేశారు."

"నా చెరువు. నా ఇంజను."

"నా బండి," అంది ఎల్వా.

విల్మా కోపిష్టి మొగుళ్ళను చూడకపోలేదు. విడాకుల కేసులో బండిని రంపంతో రెండు ముక్కలు చేసినవాణ్ణి చూసింది, తాగి తగలబెట్టినవాణ్ణి చూసింది. వాళ్ళంతా అరిచేవాళ్ళు, తర్వాత తల పట్టుకుని ఏడ్చేవాళ్ళు. ఈ మనిషి డాలరు డాలరుకీ బేరమాడుతున్నాడు, అంత డబ్బు చెరువులో పారేసిన సంగతి మాత్రం వాన పడిందన్నట్టు చెబుతున్నాడు. కొరీన్ ఇంతవరకూ ఒక్కసారి కూడా అతని మొహంలోకి చూడలేదు. ఆమె కళ్ళు విల్మా చేతిలో ఉన్న పికప్ ట్రక్కు తాళంచెవుల గుత్తి మీదే ఉన్నాయి.

విల్మా తన పని తాను చెప్పింది. ఇనప దిమ్మకి నాలుగు నెలల నీళ్ళు ఒక లెక్క కాదనీ, తుప్పు గీకితే నంబరు బయటపడుతుందనీ, కావాలంటే క్రేను ఉన్నవాళ్ళని తానే పంపుతాననీ అంది.

"ఎవరూ రానక్కర్లేదు," అన్నాడు లైల్.

"ఒక్కరి వల్ల కాదండీ, అది మూడొందల కిలోల—"

"చెరువు దగ్గరికి ఎవరూ రానక్కర్లేదు. తియ్యాల్సి వస్తే నేనే తీస్తాను."

"మీ ఇష్టం."

"నేనొకటి అడగొచ్చా అండీ?" అంది కొరీన్.

"అడుగమ్మా."

"బండి కాగితాలు పెద్దావిడ పేరు మీద ఉన్నాయి. కొత్తగా కొన్నప్పటి నుంచీ బండి వాళ్ళదేనని, పోయిన ఇంజన్ దీని సొంతదేనని ఆవిడ ప్రమాణం చేసి రాసివ్వాలి కదండీ? టౌన్లో, నోటరీ ఎదురుగా? దానికి ఆవిడే స్వయంగా రావాలి కదా?"

అలాంటి నియమం ఏదీ లేదు. ఈ ఇరవై రెండేళ్ళలో అలాంటి కాగితాలు విల్మా ఎన్నో వంటింటి బల్లల మీదే, కాఫీ కప్పులు పక్కకి జరిపి రాయించుకుంది. ఆ సంగతి అడుగుతున్నదానికీ తెలుసని విల్మాకు అనిపించింది. కొరీన్ చూపు తాళంచెవుల మీంచి లేచి విల్మా మొహం మీద ఆగింది. రెప్ప వెయ్యలేదు.

"రావాలి," అంది విల్మా. "నేనే చెబుదామనుకుంటున్నాను."

"అలాంటిది నేనెప్పుడూ వినలేదు," అన్నాడు లైల్.

"ఇలాంటి బళ్ళు ఇంతకుముందు ఎన్ని అమ్మారు?"

"ఒకటీ లేదు."

"మరి ఎలా వింటారు? మొదటి యజమాని బతికుండి ప్రమాణపత్రం ఇవ్వడమంటే మామూలు విషయం కాదు. అదుంటే ముప్పై ఐదుని ఇవాళే నలభై ఎనిమిది చేసి రాస్తాను. ఇంజన్ బయటికొచ్చాక మిగతాది."

"మతి లేనిదాని ప్రమాణం ఎవడు ఒప్పుకుంటాడు?"

విల్మా ఎల్వా వైపు తిరిగింది. "పెద్దమ్మా, బండి ఎప్పుడు కొన్నారు?"

"డెబ్బైలో. మే నెల."

"అంత గట్టిగా ఎలా గుర్తుంది?"

"విత్తనాలకి దాచిన డబ్బు తీసుకెళ్ళి కొన్నాడు ఆ మహానుభావుడు. నెల రోజులు నేను ఆయనతో మాట్లాడలేదు. ఆ ఏడు పక్కవాళ్ళ దగ్గర అప్పు తెచ్చి విత్తనాలు చల్లాం."

వెనక సీటు స్ప్రింగుల్లో దొరికిన ఫ్యాక్టరీ కాగితం అప్పటికే విల్మా చేతిలో ఉంది. దాని మీద బండి తయారైన తేదీ ఉంది, డెబ్బై ఏప్రిల్ మూడో వారం. ఆమె ఆ కాగితం లైల్‌కి చూపించింది. అతను దాన్ని చాలాసేపు చదివాడు.

"రేపు నేనే తీసుకొస్తాను," అన్నాడు చివరికి.

"రేపు నేను కెంటకీలో ఉంటాను. వచ్చేసరికి వారం. మీ కొలంబస్ ఆయన ఆగుతాడా?"

"ఆగడు."

"అయితే ఇవాళే. అందరం వెళ్దాం. గంట పని."

"కొరీన్ రాదు."

"పెద్దావిడని ఎక్కించడానికి, దించడానికి ఒక ఆడమనిషి సాయం—"

"రాదన్నాను కదండీ. దానికి ఎండ పడదు. ఏం కొరీన్?"

"పడదు. పొయ్యి మీద బీన్స్ కూడా పెట్టొచ్చాను. నేను రాను."

"విన్నారుగా? దాని నోటితోనే చెప్పింది."

"పోనీ, మీరు రండి."

లైల్ తల్లిని చూశాడు, కొరీన్‌ని చూశాడు, కోసేసిన చేల మధ్య తిన్నగా పోయే మట్టిరోడ్డును చూశాడు. ఇద్దరిలో ఎవరికి కాపలా ఉండాలో తేల్చుకుంటున్నాడని విల్మాకు అర్థమైంది. ఆమె తాళంచెవులు జేబులో వేసుకుంది, చప్పుడు కాకుండా.

"నేనూ రాను," అన్నాడు లైల్. "అమ్మని తీసుకెళ్ళండి. ఒక్క సంగతి గుర్తుపెట్టుకోండి మేడమ్. దారిలో ఏవేవో చెబుతుంది. మా నాన్న బతికే ఉన్నాడంటుంది, నేను దొంగనంటుంది. వినండి, వదిలెయ్యండి. రెండింటికల్లా ఈ గుమ్మంలో ఉండాలి. రెండు దాటిందంటే నేనూ కొరీన్ బెంగపెట్టుకుంటాం. కదా కొరీన్?"

"అవును."

"చాలా బెంగపెట్టుకుంటాం."

"రెండు దాటదు," అంది విల్మా.

కొరీన్ ఎల్వాకి కోటు తొడిగి, కింద నుంచి మెడ దాకా ఒక్కొక్క బొత్తామూ పెట్టింది. మందుల సంచి విల్మాకి అందించింది. లైల్ రెండడుగుల దూరంలో నిలబడి వింటున్నాడు.

"పన్నెండింటికి ఇన్సులిన్, పదహారు యూనిట్లు. తిండి ముందు పెట్టుకుని, అప్పుడే వెయ్యండి. పొట్టకి ఎడమ పక్కన. నిన్న కుడి పక్కన వేశాను."

"నువ్వే వెయ్యొచ్చు కదే. నువ్వూ రా," అంది ఎల్వా.

"నేను రాను. మీరు వెళ్ళండి."

"ఒక్కదాన్నే ఎలా వెళ్ళనే?"

"వెళ్ళండి. అక్కడ అడిగినవాళ్ళకి అన్నీ చెప్పండి. గుర్తున్నవన్నీ. ఏదీ మర్చిపోకండి."

"బండి గురించి," అన్నాడు లైల్.

"బండి గురించే," అంది కొరీన్.

విల్మా పికప్ తిప్పుతున్నప్పుడు వాళ్ళిద్దరూ షెడ్డు ముందు పక్కపక్కనే నిలబడి ఉన్నారు. లైల్ చెయ్యి ఆమె మెడ వెనక ఉంది. దూరం నుంచి చూసేవాళ్ళకి అది ముద్దుగానే కనబడుతుంది.

మట్టిరోడ్డు మీద అర మైలు పోయాక విల్మా ఉండబట్టలేక అడిగింది.

"అతను ఆ పిల్లని కొడతాడా?"

"ముందు చూసి నడుపు. వేగం పెంచకు, ఆపకు. చేలు కోసేశారు. వంతెన దాటేదాకా వాడికి మనం కనబడుతూనే ఉంటాం."

"వంతెన దాటాక చెబుతారా?"

"నీ దగ్గర ఫోనుందా?"

"ఉంది. ఇక్కడ సిగ్నల్ ఉండదు. హైవే దగ్గర పెట్రోలు బంకు ఉంది, అక్కడ వస్తుంది."

"అయితే అక్కడే చెబుతాను. రెండుసార్లు చెప్పే ఓపిక నాకు లేదు."

తర్వాత ఆవిడ రెండు చేతులతో మందుల సంచి పట్టుకుని అద్దంలోంచి వెనక్కి చూస్తూ కూర్చుంది. వంతెన వచ్చింది, దాటింది. జూన్లో ఈ ముసలావిడా ఆ పిల్లా ఇక్కడిదాకానే రాగలిగారు. బండి తనంతట ఆగిపోలేదని ఇప్పుడు విల్మాకి చెప్పక్కర్లేదు. ఇంజన్ సంగతిలో ముసలావిడ చెప్పింది నిజం, కొన్న నెల చెప్పింది నిజం. ఆవిడకి మతి లేదన్నవాడే అబద్ధం ఆడాడు.

బంకు పక్కన బండి ఆపి విల్మా షెరీఫ్ ఆఫీసుకి ఫోను చేసింది. అక్కడి పోలీసు డిప్యూటీ హార్లన్ ఆమె తమ్ముడితో కలిసి చదువుకున్నవాడు, అక్కా అని పిలుస్తాడు. చూసినదంతా గబగబా చెప్పింది. నరికిన వైర్లు, చెరువు, మెడ మీద చెయ్యి, రెండింటి గడువు. అతను ఓపిగ్గానే విన్నాడు.

"కొట్టడం చూశావా అక్కా?"

"చూడలేదు."

"ఒంటి మీద దెబ్బలున్నాయా?"

"చలికోటు వేసుకుని ఉంది. ఏం కనబడుతుంది?"

"కాపాడమని అడిగిందా?"

"అతను పక్కనే ఉంటే ఎలా అడుగుతుంది హార్లన్? కళ్ళతో అడిగింది."

"నువ్వు రమ్మన్నావా?"

"రమ్మన్నాను."

"ఏమంది?"

"రానంది."

"తన నోటితోనే?"

"తన నోటితోనే. కానీ—"

"ఇదిగో, ఇక్కడే వస్తుంది చిక్కు. లైల్ టాకెట్ మీద ఇంతవరకూ ఒక్క ఫిర్యాదు లేదు. పెద్దమనిషి, వయసొచ్చిన పెళ్ళాం, సొంత ఇల్లు. ఆమే రానంటే నేను వెళ్ళి ఏమని తలుపు కొట్టను? మొగుడూ పెళ్ళాల గొడవలో ఫిర్యాదు లేకుండా దూరితే రేపు ఇద్దరూ కలిసి నా మీదే కేసు పెడతారు. సాయంత్రం డ్యూటీ దిగేటప్పుడు అటువైపు ఒక చుట్టు చుట్టి వస్తాలే."

"సాయంత్రం కాదు. రెండింటికి ఈవిడ గుమ్మంలో లేకపోతే..."

"అయితే ఈవిణ్ణి రెండింటికి దింపెయ్యి. దేనికొచ్చిన గొడవ?"

విల్మా గడియారం చూసుకుంది. పదకొండూ నలభై. వెనక్కి తీసుకెళ్తే ఇద్దరూ ఆ ఇంట్లోనే, తీసుకెళ్ళకపోతే ఒక్కతే అతనితో. ఏది చేసినా తప్పే అనిపించింది. ఆమె ఫోను ఎల్వా వైపు చాచింది.

"పెద్దమ్మా, నా మాట వినడం లేదు. మీ కోడలి సంగతి మీరైనా ఒక్క ముక్క చెప్పండి. కన్నతల్లే చెబితే వింటాడేమో."

ఎల్వా ఫోను రెండు చేతులతో పట్టుకుని చెవికి ఆనించుకుంది. గొంతు సవరించుకుంది. ఆవిడ మాట మెల్లగానే ఉంది, ఎక్కడా తడబడలేదు.

"కోడలేమిటి నాయనా? నా కోడలు కొరీన్‌ని పూడ్చిపెట్టి ఆరేళ్ళయింది. ఆ పిల్ల పేరు టాబితా, మార్చిలో నాకు సూదులు వెయ్యడానికి వచ్చిన నర్సు. అప్పట్నుంచీ వాడు దాన్ని ఇంటికి వెళ్ళనివ్వలేదు."